మీకు తెలుసా? చవక సైకిలూ ట్రైనర్ ఎక్కుతుంది!

ఇంగ్లండ్‌లోని బ్రాక్‌నెల్‌ను 1949లో కొత్త పట్టణంగా ప్రకటించారు. సైకిళ్లకు విడిగా దారులున్న ఊరే. అయినా డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి. సవారీ ఇంట్లోకి మారాల్సిందే.

అందుకు ఖరీదైన సైకిల్ అక్కర్లేదు. సైకిల్‌ను కదలకుండా నిలిపి, వెనక చక్రాన్ని రోలర్‌కు ఆనించే ట్రైనర్ చాలు. చిక్కంతా ఇరుసు దగ్గరే. ఈ ట్రైనర్లు ఎక్కువగా లివర్‌తో బిగించే క్విక్ రిలీజ్ ఇరుసుకు తగ్గట్టు చేసినవి. చవక సైకిళ్లకేమో, మన పాత హెర్క్యులిస్‌కు లాగే, రెండు పక్కలా నట్లు బిగించిన ఇరుసు ఉంటుంది. ట్రైనర్ దవడల్లో కుదురుగా కూర్చునే ప్రత్యేక నట్లు విడిగా అమ్ముతారు. మీ ఇరుసు 10 మిల్లీమీటర్లదా, 3/8 అంగుళాలదా చూసి మరీ కొనండి. మర కలవని నట్టును బలవంతంగా తిప్పితే ఇరుసే పాడవుతుంది.

గుబ్బల టైరు రోలర్ మీద హోరెత్తిస్తుంది, కింది ఫ్లాట్ వాళ్లు ఊరుకోరు! నున్నటి టైరు వేయండి.

వెనక చక్రం తీసేసి బిగించే డైరెక్ట్ డ్రైవ్ రకం వేరే కథ. చాలా చవక సైకిళ్లలో గేర్ల పళ్ల చక్రాలు హబ్‌కు మరతో బిగించి ఉంటాయి, ట్రైనర్ మీదికి మార్చలేం. ట్రైనర్‌కు తగిన పళ్ల చక్రాల సెట్టు, అంటే క్యాసెట్, కొత్తగా కొనాలి. ఆ ఖర్చు ఒక్కోసారి సైకిల్ ధరనే వెక్కిరిస్తుంది.