పరిశోధక విద్యార్థికి ఆధారమేది?

వెల్గటూరు నుండి డాక్టరేటు కోసం హైదరాబాదు చేరే ముస్లిం విద్యార్థికి ప్రవేశం దొరకడంకంటె ఆ తరువాతి ఏండ్లు నెట్టుకురావడమే కష్టం. అల్పసంఖ్యాక వర్గాల పరిశోధకులకు 2009లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును కేంద్ర ప్రభుత్వం 2022-23 నుండి నిలిపివేసింది. ఇతర పథకాలున్నవి గదా అని చెప్పిన కారణం. ఉన్నవి నిజమే, కాని వాటిలో పోటీ అందరితోను.

వాటిలో ముఖ్యమైనది నెట్ పరీక్ష ద్వారా లభించే జె.ఆర్.ఎఫ్. అరబ్ సంస్కృతి, ఇస్లామీయ అధ్యయనాలు అనే విషయం ఆ పరీక్షలో ఉన్నదని మనవారిలో చాలామంది ఎరుగరు! 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు, రెండేండ్ల తరువాత 42,000. ఇంటి అద్దె భత్యం వేరు. వయఃపరిమితి 30 ఏండ్లు. స్త్రీలకు మరి 5 ఏండ్ల సడలింపు గలదు.

నిసాబ్ లేని పేద పరిశోధకుడు జకాత్‌కు అర్హుడే. అయినను మదరసా విద్యార్థి గుర్తుకు వచ్చినట్లు అతడు దాతలకు గుర్తుకు రాడు.

నెట్ లేకుండ చేరినవారికి కేంద్ర విశ్వవిద్యాలయాలలో నెలకు 8,000 రూపాయలు ఇస్తారు. 1998లో నెలకొన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం అట్టిదే. ఉస్మానియా రాష్ట్ర విశ్వవిద్యాలయం గనుక, అక్కడ చేరేవారు ఈ మొత్తాన్ని లెక్కలో వేసుకోరాదు.