చదువంటే ఎగిరి గంతేసే పాపకి ఏ పుస్తకాలు కొనాలి?

మా పాపకి నాలుగున్నరేళ్లు. చోడవరం బస్టాండులో దిగామంటే ఇక నడక సాగదు. కనిపించిన బోర్డల్లా చదవాల్సిందే. మందుల షాపు, ఎరువుల కొట్టు, బస్సు ముందు రాసున్న ‘అనకాపల్లి’... అన్నీ కూడబలుక్కుని చదివాకే అడుగు ముందుకి పడుతుంది. అలాగని దానికి మేం కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది లేదు. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి వెళ్లినప్పుడల్లా వాళ్ల నానమ్మ గోడల మీద రాసినవి వేలు పెట్టి చదివేది. అలా చూసి చూసి పట్టేసింది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు లోడ్లు వెళ్లే రోజుల్లో అరుగు మీద కూర్చుని లారీలు లెక్కపెట్టేది. ‘అమ్మా, ముప్ఫై తొమ్మిది తరవాత ఏంటి?’ అని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చేది.

ఇలాంటి పిల్లని చూస్తే ఏ తల్లికైనా రెండు అనిపిస్తాయి. ఒకటి సంబరం. రెండోది భయం... దీని ఆకలికి సరిపడా నేను పెట్టగలనా అని. ఆ భయంలోనే నేనో పెద్ద పొరపాటు చేశాను. మీలో ఎవరైనా పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పాలనుకుంటుంటే, పుస్తకాలు కొనేముందు నా కథ ఒకసారి వినండి.

బియ్యం డబ్బా వెనక దొరికిన పుస్తకం

మా వీధిలో దీని ఈడు పిల్లలు ఎల్‌కేజీలో ఏబీసీడీలు పేజీలకి పేజీలు దిద్దుతున్నారు. ‘మనమ్మాయి ఆ దశ దాటేసింది కదా, ఓ ఏడాది ఇంట్లోనే చెబుదాం’ అనుకున్నాం నేనూ మావారూ. ఆన్‌లైన్లో వెతికి 18 వేలు పెట్టి ఒక హోమ్‌స్కూల్ కిట్ తెప్పించాను. పుస్తకాలు, వర్క్‌షీట్లు, ఏ రోజు ఏ పేజీ చెప్పాలో రాసున్న టైంటేబుల్... చూడ్డానికి ముచ్చటగా ఉంది. పాప ఎలాగూ చదివేస్తోంది కదాని రెండో తరగతి కిట్టే తీసుకున్నాను.

మొదటి వారం పండగే. రెండో వారం నుంచి ‘చెయ్యి నొప్పి’ మొదలైంది. రోజుకి ఆరు పేజీలు రాయాలి మరి. నేనేమో టైంటేబుల్ వెనకబడిపోతోందని కంగారు. నెల తిరిగేసరికి లెక్కల వర్క్‌బుక్ కనబడకుండా పోయింది. ఇల్లంతా వెతికితే బియ్యం డబ్బా వెనక దొరికింది. దాచింది ఎవరో చెప్పక్కర్లేదు కదా!

ఆ రోజు మా అత్తగారు అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ‘ఏటమ్మా, గుంట సదువంటే పారిపోతంది? మొన్నటిదాకా ఇదేటి అదేటి అని నా పీక తినేసేది కదా!’

నిజమే. బోర్డులు చదవడం కూడా మానేసిందని అప్పుడు గమనించాను.

బుర్ర ఒక వయసు, వేళ్లు ఇంకో వయసు

తర్వాత నెమ్మదిగా అర్థమైంది. మా పాప చదవడంలో ఏడేళ్ల పిల్లలాంటిది. కానీ పెన్సిల్ పట్టుకునే వేళ్లకి నాలుగున్నరేళ్లే. ఓ చోట కుదురుగా కూర్చునే ఓపికకీ అంతే. చురుకైన పిల్లల్లో ఇది మామూలే. అన్నీ ఒకే వేగంతో ఎదగవు. అందుకే ‘ఏ తరగతి కిట్ కొనాలి?’ అన్న ప్రశ్నే తప్పు. చదవడం ఎక్కడుంది, లెక్క ఎక్కడుంది, రాత ఎక్కడుంది అని విడివిడిగా చూసుకోవాలి. ఒకే పిల్లకి కథల పుస్తకం రెండో తరగతిది, లెక్కలు ఒకటోవి, రాతకి మాత్రం ఇసుక పళ్లెం... ఇలా కలిపి పెట్టుకుంటే తప్పేం లేదు. ఇంటి చదువులో ఉన్న సుఖమే అది. పెట్టెలో సర్దిన సిలబస్ కొంటే ఆ సుఖమే పోతుంది.

మన రాష్ట్రంలోనే దీనికి మంచి నమూనా ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు దాన్ని నడిపించారు. పాఠాలన్నిటినీ చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకి కార్డులు రాశారు. గోడ మీద నిచ్చెన బొమ్మ ఉంటుంది. తను ఏ మెట్టు మీద ఉన్నాడో పిల్లాడే చూసుకుని, ఆ కార్డు తీసుకుని పని మొదలుపెడతాడు. పక్కవాడు ముందున్నా వెనకున్నా ఇబ్బంది లేదు. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో వచ్చిన కార్డుల చదువుకి మూలం ఇదే. దీన్ని చూసే నేనూ మా వంటింటి తలుపు మీద చార్టు అంటించాను. మూడు నిచ్చెనలు... చదవడం, లెక్క, రాత. పాపే రంగులేస్తుంది.

ముందు కాగితాల సంగతి

పుస్తకాల కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి ఉచిత, నిర్బంధ విద్య అంటుంది. పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని కూడా చెప్పింది. ఇంటి చదువు గురించి అందులో ప్రత్యేకంగా ఏమీ లేదు, చేర్చని తల్లిదండ్రులకి శిక్షా లేదు. మరోపక్క ఆరేళ్లు దాటాక ఎప్పుడు వచ్చినా వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని అదే చట్టంలోని 4వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఓ ఏడాది ఇంట్లో ఉంచినంత మాత్రాన దారి మూసుకుపోదు.

చివరిదాకా ఇంట్లోనే చెప్పాలనుకునేవాళ్లకి ఓపెన్ స్కూల్ ఉంది. కేంద్రానికి చెందిన ఎన్‌ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండితే పదో తరగతి పరీక్ష రాయొచ్చు. తెలుగు మీడియం కూడా ఉంది. అంతకంటే చిన్నపిల్లలకి ఎ, బి, సి అని మూడు స్థాయిలున్నాయి. అవి 3, 5, 8 తరగతులతో సమానం. మన రాష్ట్రానికి ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ వేరే ఉంది.

ఇంకో లెక్క కూడా చూసుకోండి. ‘తల్లికి వందనం’ డబ్బు ఒకటో తరగతి నుంచి బడిలో పేరుండి, హాజరున్న పిల్లలకే వస్తుంది. 2025లో బడి నిర్వహణకి 2 వేలు పోగా తల్లుల ఖాతాల్లో 13 వేలు పడ్డాయి. మనలాంటి ఇళ్లలో అది చిన్న మొత్తం కాదు.

సిలబస్: ఫ్రీగా దొరికేవి ముందు చూడండి

18 వేలు పోశాక తెలిసిన సంగతి ఇది. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలన్నీ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 2023లో ఒకటి, రెండు తరగతులకి వచ్చిన ‘జాయ్‌ఫుల్ మ్యాథమేటిక్స్’లో రాత తక్కువ, బొమ్మలూ ఆటలూ ఎక్కువ. 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం అదే ఏడాది ‘జాదూయీ పిటారా’ అని ఆటబొమ్మలు, పజిళ్లు, కథల కార్డులతో ఒక పెట్టె కూడా తెచ్చారు. కొత్త విద్యావిధానం ఎనిమిదేళ్ల దాకా ఆటలతోనే పునాది వెయ్యమంటోంది. ఒకటో తరగతి ఆరేళ్లకే అంటోంది. అంటే నాలుగున్నరేళ్ల పిల్లకి మనం దేంట్లోనూ లేటు కాదన్నమాట!

తెలుగు మీడియంలో చదువుకున్న నాలాంటి అమ్మలకి మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు వరం. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు. పాప ఇంగ్లిషులో ఏదైనా అడిగితే నేను పక్క పేజీలో చూసుకుని ధీమాగా చెప్పేస్తాను. వీధిలో ఒకటో తరగతి చదివే పిల్లలెవరైనా ఉంటే వాళ్లవి ఓసారి తీసుకుని చూడండి. డబ్బు పెట్టి కొనేది ఏదైనా అది చాలదనిపించాకే.

కథల పుస్తకాలు: అయిదు వేళ్ల పరీక్ష

చదవడం వచ్చిన పిల్లకి అసలు తిండి కథలే. ప్రథమ్ బుక్స్ వాళ్ల ‘స్టోరీవీవర్’లో తెలుగు కథలు బొమ్మలతో సహా ఉచితం. పైగా కష్టాన్ని బట్టి స్థాయిలుగా విడదీసి ఉంటాయి. హైదరాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ వాళ్లవి తక్కువ ధరకే వస్తాయి. నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం బొమ్మల కథలు, చెన్నై ‘తూలిక’ వాళ్ల తెలుగు-ఇంగ్లిషు ద్విభాషా పుస్తకాలు బాగుంటాయి. కాస్త పెద్దయ్యాక సైన్స్ మీద మోజుంటే జనవిజ్ఞాన వేదిక ‘చెకుముకి’ పత్రిక ఉంది. పాత చందమామలు ఇంట్లో ఉంటే అటక మీంచి దించండి. కాకపోతే అవి మీరు చదివి వినిపించాలి. ఆ వాక్యాలు చిన్నపిల్లలకి పొడుగు.

పుస్తకం సరిపోతుందో లేదో చూడ్డానికి తేలిక పద్ధతి ఒకటుంది. ఏదో ఒక పేజీ తీసి పిల్లని చదవమనండి. రాని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం మీరు చదివి వినిపించేది. రెండు, మూడు అయితే పిల్ల చదివేది. ఒక్కటీ ముడవకపోతే? అదీ ఇవ్వండి. తేలిగ్గా చదివేసే పుస్తకం ఇచ్చే ధీమా ఇంకేదీ ఇవ్వదు. తెలుగులో అయితే ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఎన్నున్నాయో ముందే ఓ చూపు చూడండి. పిల్లలు ఆగిపోయేది అక్కడే.

లెక్కలకి చింతపిక్కలు చాలు

మా ఇంట్లో లెక్కల వర్క్‌బుక్ స్థానంలో ఇప్పుడు వామనగుంటల పీట ఉంది. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, గుప్పెడు చింతపిక్కలు. పంచడం, కూడడం, ‘ఇక్కడ మొదలెడితే ఎక్కడ అయిపోతాయి?’ అని ముందే ఊహించడం... అన్నీ అందులోనే. గురువు మా అత్తగారు. వైకుంఠపాళి ఆడితే నూరు దాకా అంకెలు వాటంతటవే వచ్చేశాయి. బెల్లం తూకం వేసే కొట్టు దగ్గర కిలో, అరకిలో, పావుకిలో నేర్చుకుంది. ఇక చరిత్రంటారా? అనకాపల్లి పక్కన శంకరం దగ్గర బొజ్జన్నకొండ చూపించి తెచ్చాం. రాయిని తొలిచి చేసిన స్తూపాలు చూసి వచ్చాక వారం రోజులు ఇంట్లో ఒకటే ప్రశ్న... ‘రాయిని దేంతో కోశారు?’

కూర్చుని చదివేది మాత్రం రోజుకి పావుగంట చొప్పున రెండుసార్లు, అంతే. ఇంకా కావాలని అడుగుతుండగానే ఆపేస్తాను. సాయంత్రం వీధి పిల్లలతో ఆట తప్పనిసరి. ఇంట్లో చెప్పే చదువులో దొరకనిది ఆ స్నేహమే కదా.

మరి పరుగెత్తే పిల్లలు?

‘హైదరాబాద్‌లో నైనా జైస్వాల్‌కి ఇంట్లో చెబితేనే కదా ఎనిమిదేళ్లకే పదో తరగతి అయిపోయింది, పదమూడేళ్లకి డిగ్రీ చేసేసింది!’ అని మా బంధువు ఒకాయన అన్నారు. నిజమే. ఆ అమ్మాయి టేబుల్ టెన్నిస్‌లోనూ అంతర్జాతీయ క్రీడాకారిణి. తమ్ముడు అగస్త్య కూడా తొమ్మిదేళ్లకే పది పాసయ్యాడు. వాళ్ల ఇంట్లో అది కుదిరింది, సంతోషం. కానీ దాన్ని చూసి టైంటేబుల్ వేసుకుంటే ఏమవుతుందో మా బియ్యం డబ్బాకి తెలుసు.

పిల్లల కంటే ముందు మనం చదవాల్సినవి కొన్నున్నాయి. గుజరాత్ ఉపాధ్యాయుడు గిజుభాయి రాసిన ‘పగటి కల’, చలం ‘బిడ్డల శిక్షణ’, జపాన్ రచయిత్రి కురొయనాగి రాసిన ‘రైలుబడి’. ఆ రైలుబడిలో హెడ్మాస్టరు, ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపేసిన పిల్లని కూర్చోబెట్టుకుని మొదటి రోజే నాలుగు గంటలు ఆమె కబుర్లు వింటాడు. నాకు నాలుగు గంటలు కుదరదు. కానీ అది చదివిన దగ్గర్నుంచి, రోజూ రాత్రి అన్నాలయ్యాక ఓ అరగంట ఫోన్ పక్కన పెట్టి పాప చెప్పేది వింటున్నాను. రేపు ఏం చెప్పాలో, ఏ పుస్తకం తియ్యాలో అందులోనే తెలిసిపోతోంది.

కిట్ ఆపేసిన మూడు వారాల దాకా పాప పుస్తకం ముట్టుకోలేదు. నేనూ అడగలేదు. ఒకరోజు బస్టాండులో ఆగిపోయి ‘మా... డు... గు... ల. అమ్మా, హల్వా ఊరు!’ అని అరిచింది. బస్సు పోతే పోయిందని ఇద్దరం అక్కడే నిలబడి మిగతా బోర్డులు కూడా చదివాం.

ఆరేళ్లు నిండాక ఒకటో తరగతిలో చేర్చాలనే అనుకుంటున్నాం. ఈలోపు నెలకి రెండు కథల పుస్తకాలు, అంతే కొనేది. ఆ 18 వేల కిట్ అటక మీద ఉంది. అందులో బొమ్మల కార్డులు మాత్రం పాపే తీయించుకుని, సాయంత్రం అరుగు మీద వీధి పిల్లలకి ‘బడి’ పెడుతోంది. ఫీజు... మనిషికో చింతపిక్క!