జఠరామ్లమును ఆంత్రమూలపు పుండ్లును

'కడుపులో మంట' యను మాట వినని యిల్లు మన రాజాములో నరుదు. పరగడుపున నొప్పిమాత్ర మ్రింగి పనికి బోవువారును మనలో గలరు. కావున ఔషధము పుండు నెట్లు కలిగించునో, అందు ఆమ్లమున కెంత పాలు గలదో విశదీకరింప దలచితిమి.

జీర్ణకోశములో హైడ్రోక్లోరిక్ ఆమ్లము గలదని 1824వ సంవత్సరమున ఆంగ్లవైద్యుడు విలియం ప్రౌట్ ప్రకటించెను. జీర్ణకోశమును దాటిన ఆహారము మొదట ప్రవేశించు చిన్నప్రేగు భాగమే ఆంత్రమూలము. చింతపులుసులో వంటసోడా వేసినచో పొంగి, పులుపు విఱుగుట మీరెఱుగుదురు. అట్టి క్షారమునే ఆంత్రమూలపు గోడయు, క్లోమమును స్రవించి, వచ్చిన ఆమ్లమును విఱుచుచుండును.

ఈ సమత్వము చెడినచో నేమగును? 1973వ సంవత్సరమున కెనడా దేశమందలి హాన్స్ సెల్యే, సాండోర్ సాబో అను పండితులు ఎలుకలకు సిస్టియమీన్ అను ఔషధ మొసగిన విధమును ప్రకటించిరి. ఒకటి రెండు దినములలోనే వాని ఆంత్రమూలమున పుండ్లు పడెను. కొన్నిటికి ప్రేగు చిల్లియు పడెను. ఆమ్లము హెచ్చెననియు, దానిని విఱుచు శక్తి తగ్గెననియు, గోడలోని సన్నని రక్తనాళములు దెబ్బతినెననియు తరువాతి పరిశోధనలు తెలిపెను. ఆమ్లస్రావమును తగ్గించు మందులిచ్చినప్పుడు పుండ్లును తగ్గెను.

అయిన నేర మంతయు ఆమ్లముదేనా? కాదు. ఆరోగ్యవంతుని కడుపులోను నిత్యము ఆమ్లముండును, పుండు పడదు. నీరు హెచ్చి, గట్టు పలుచనైన వేళనే గదా చెరువు తెగుట!

ఎలుకకు జరిగినదంతయు మనుష్యునకు జరుగునని యెంచరాదు. మనుష్యులలో ఈ పుండ్లకు ముఖ్యహేతువులు రెండు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ యను సూక్ష్మజీవి. దీనిని కనుగొన్న మార్షల్, వారెన్ పండితులకు 2005లో నోబెల్ బహుమాన మొసగబడెను. రెండవది ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ మొదలగు నొప్పిమందులు. ఇవి గోడను కాపాడు ప్రోస్టాగ్లాండిన్లను తగ్గించును; పలుచనైన గట్టును పిమ్మట ఆమ్లము కోయును. ఈ మందులు రక్తముద్వారా గూడ పనిచేయును గావున, అన్నము తిని మ్రింగినను అపాయము పూర్తిగా తొలగదు.

కావున తలిదండ్రులారా, వైద్యుని యడుగక దినదినము నొప్పిమాత్రలు వాడకుడు. వైద్యుడు వ్రాసియిచ్చిన మందును మీయంతట మీరు మానకుడు. మలము తారువలె నల్లనైనను, వాంతిలో నెత్తురు కనబడినను, క్షణము జాగు చేయక వైద్యశాలకు బొండు. విద్యార్థులారా, ఈ సంగతి నేడే మీ యింట చదివి వినిపింపుడు.