కాళ్ళకి చెప్పులు, నెత్తిన గొడుగు: పొలంలో 120 చదరపు అడుగుల మట్టి ఇల్లు ఎలా కట్టాం



పై వీడియోలో చూసిన చిన్న ఇల్లు మా చిన్నాన్న కొడుకుది. వాడికి 24 ఏళ్ళు. మూడేళ్ళు బెంగళూరులో ఉద్యోగం చేసి, పోయిన ఏడాది పొలానికి తిరిగొచ్చాడు. ఇల్లు కట్టేటప్పుడు వాడికి తోడుగా నేనూ అడుసు తొక్కాను. అందుకే ఇది రాస్తున్నా. వీడియోలో టైం సరిపోక చాలా విషయాలు మిగిలిపోయాయి.

చూసినవాళ్ళు అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. వానకి పడిపోదా? ఎంత ఖర్చయింది?

మొదటిదానికి నిజం చెప్పాలంటే, పడింది. ఒక గోడ పడింది. ఎందుకు పడిందో అర్థమయ్యాకే మట్టి ఇల్లు కట్టడం మాకు చేతనైంది. రెండోదానికి జవాబు కింద లెక్కతో సహా ఇస్తాను.

ఇంత చిన్న ఇల్లు ఎందుకు?

ఊర్లో మాకు మిద్దె ఉంది. కానీ పొలం నాలుగు కిలోమీటర్ల దూరం. వేరుశనగ కాయ ఊరే టైములో రాత్రి అడవి పందులు పడతాయి. కోళ్ళు పెట్టినా, దూడ పుట్టినా మనిషి అక్కడే ఉండాలి. మావాడి దగ్గర దాచుకున్నది రెండు లక్షలు. బేల్దారి మేస్త్రీని పిలిచి ఇటుక గోడ, స్లాబు గది లెక్క వేయిస్తే ఆ రెండు లక్షలూ గదికే సరిపోయేలా లేవు. డబ్బంతా గదికి పోతే ఆవు ఎక్కడినుంచి వస్తుంది? ఆవు లేకపోతే జీవామృతం ఎక్కడినుంచి వస్తుంది? కొత్తగా సేద్యంలోకి వచ్చే పిల్లలందరికీ ఇదే చిక్కు.

వాడు మొదట ఫోన్‌లో చూసింది అమెరికా వాళ్ళ చక్రాల ఇళ్ళు. అక్కడ చాలా ఊళ్ళలో ఇల్లంటే కనీసం ఇంత సైజు ఉండాలని నిబంధన ఉంటుంది. అందుకని ట్రైలర్ మీద కట్టి, బండి లెక్కలో చూపించుకుంటారు. చక్రాలు ఉంటే బరువు తగ్గించాలి, కాబట్టి పల్చటి చెక్క గోడలు. మన పొలం ఎక్కడికీ పోదు కదా, మనకి చక్రాలతో పనేముంది? పల్చటి గోడ మన ఎండకి ఆగేది కూడా కాదు.

నిజానికి చిన్న ఇంటి ఆలోచన అక్కడా కొత్తది కాదు. 1845లో హెన్రీ డేవిడ్ థోరో అనే రచయిత 27 ఏళ్ళ వయసులో వాల్డెన్ అనే చెరువు పక్కన 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఇల్లు సొంత చేతులతో కట్టుకున్నాడు. ఖర్చు 28 డాలర్ల 12న్నర సెంట్లని పైసాతో సహా లెక్క రాసి పెట్టాడు. చెక్కలు ఒక రైల్వే కూలీ పాత గుడిసె కొని, విప్పి తెచ్చుకున్నవి. ఇంటి దగ్గరే రెండున్నర ఎకరాలు దున్ని ఎక్కువగా చిక్కుళ్ళు వేశాడు. అక్కడినుంచి మేము తీసుకున్నది ఒక్కటే: దగ్గర్లో దొరికేది, ఇంకొకరు వాడి తీసేసింది ముందు చూడాలి. మాకు దగ్గర్లో దొరికేది మట్టి.

పై అడుగు పంటకి, కింది అడుగు ఇంటికి

మట్టి అంటే ఏ మట్టైనా పనికి రాదు. పైన ఉండే అడుగు మట్టిలో సేంద్రియ పదార్థం, వేళ్ళు ఉంటాయి. అది కుళ్ళితే గోడలో బొక్కలు పడతాయి. పైగా అది మనం ఏళ్ళ తరబడి ఆచ్ఛాదన వేసి పెంచుకున్న మట్టి, దాన్ని గోడలో పెట్టడం పాపం. మేము నీటికుంట తవ్వినప్పుడు పై మట్టి పక్కకి తీసి పొలంలో పరిచేశాం. దాని కింద వచ్చిన ఎర్రమట్టి ఇంటికి వాడాం. ఒక్క తవ్వకంతో కుంటా వచ్చింది, గోడలూ వచ్చాయి.

నల్లరేగడి వద్దు. డిప్లొమాలో చదువుకున్నదే, రేగడిలో ఉండే బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. చేనులో నెర్రెలు చూసే ఉంటారు, గోడలో కూడా అదే జరుగుతుంది. పునాది కింద రేగడి ఉన్నా అనుభవం ఉన్న మేస్త్రీని అడగకుండా మొదలుపెట్టొద్దు.

మట్టి పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు.

మొదటిది, గాజు సీసా పరీక్ష. సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్ళు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా గిలకొట్టి పెట్టండి. ఇసుక నిమిషంలోనే అడుగున పేరుకుంటుంది. దాని మీద ఒండ్రు, చివరగా బంకమన్ను దిగుతాయి. ఒక రోజు ఆగి పొరలు కొలవండి. బంకమన్ను 15 నుంచి 25 శాతం ఉంటే గోడకి బాగుంటుంది. ఎక్కువైతే ఇసుక కలపాలి.

రెండోది, ముద్ద పరీక్ష. తడి మట్టిని నిమ్మకాయంత ఉండ చేసి నడుము ఎత్తు నుంచి వదలండి. పిండిలా పొడైతే బంక చాలదు. రొట్టెలా చదునైతే నీళ్ళెక్కువ. కొంచెం నొక్కుకుని ఆకారం నిలిస్తే సరిపోయినట్టే.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మట్టి, ఇసుక పాళ్ళు మార్చి మూడు నాలుగు రకాల ఇటుకలు చేసి నీడలో వారం ఆరబెట్టండి. ఏది పగలకుండా, గోటికి రాలకుండా ఉంటే అదే మీ పాళ్ళు. మాకు మూడు గంపల మట్టికి ఒక గంప ఇసుక సరిపోయింది. మీ మట్టికి వేరేలా రావచ్చు.

గోడ పడిన రాత్రి

లోపల కొలత 10 అడుగులు, 12 అడుగులు. గోడ అడుగున ఒకటిన్నర అడుగు మందం, పైకి వచ్చేసరికి ఒక అడుగు. ఎత్తు 8 అడుగులు. తలుపు, రెండు కిటికీలు తీసేస్తే గోడలకి పట్టే మట్టి సుమారు 450 ఘనపుటడుగులు.

మట్టిని రెండు రోజులు నానబెట్టి, వరిగడ్డి కలిపి కాళ్ళతో తొక్కాం. ముద్దలు చేసి ఒకదానిమీద ఒకటి అతికిస్తూ రోజుకి అడుగు ఎత్తు వరస వేశాం. అది ఆరి గట్టిపడ్డాకే పై వరస. తొందరపడితే కింది వరస పొట్ట ఉబ్బుతుంది.

గోడలు ఐదడుగులు లేచాయి. మే నెల. మా అనంతపురం వైపు ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన, అది కూడా ఎండాకాలంలో ఎక్కడొస్తుందిలే అనుకున్నాం. ఒక రాత్రి ఉరుములతో గంటన్నర కొట్టింది. తెల్లారి పోయి చూస్తే పడమటి గోడ మోకాళ్ళ మీద కూలబడినట్టు ఉంది. మిగతా మూడు గోడలు పైన కొంచెం కరిగాయి గానీ నిలబడ్డాయి.

మావాడు ఏమీ మాట్లాడలేదు, గట్టు మీద కూర్చుండిపోయాడు. చిన్నాన్న మాత్రం ఊరుకోలేదు. "ముందే చెప్పినా కదరా, మట్టింట్లో ఉండేవానికి పిల్లనెవరిస్తారు" అన్నాడు. వాడు ఆ రోజే బెంగళూరు బస్సెక్కుతాడేమో అని నాకు భయం వేసింది.

మధ్యాహ్నం మా అవ్వ వచ్చింది. ఆమె పుట్టి పెరిగింది మట్టి మిద్దెలోనే. పడిన గోడ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "కాళ్ళు తడిసి, నెత్తి తడిస్తే మనిషికే జరమొస్తాది, గోడకి రాదా? చెప్పులు లేవు, గొడుగు లేదు" అనింది.

అప్పుడు కొలిచి చూశాం. మా చేను పడమర నుంచి తూర్పుకి వాలు. బేస్‌మెంట్ పైభాగం లెవల్ పైపు పెట్టి సమానంగానే కట్టాం. కానీ నేల వాలుగా ఉంది కాబట్టి తూర్పున బేస్‌మెంట్ ఒకటిన్నర అడుగు ఎత్తుంటే, పడమర అరడుగే మిగిలింది. పైచేను నీళ్ళన్నీ వచ్చి నేరుగా ఆ గోడ పాదాలకి తగిలాయి. పైన పట్టా కూడా కప్పలేదు. అంటే మట్టి తప్పేమీ లేదు, నీటికి దారి చూపించకపోవడం మా తప్పు.

రెండోసారి ఏం మార్చాం?

పడమటి గోడ మొత్తం తీసేశాం. ఆ మట్టి పారేయలేదు, మళ్ళీ నానబెట్టి తొక్కి వాడాం. పడిన ఇటుక గోడ రాళ్ళకుప్ప అవుతుంది, పడిన మట్టి గోడ మళ్ళీ అడుసవుతుంది. మట్టికున్న మంచి గుణం ఇదే.

చెప్పులు: ఆ పక్క కూడా నేల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తు వచ్చేదాకా రాతి కట్టుబడి పెంచాం. రాయి మీద చుట్టూ బండలు పరిచి, ఆ పైన మట్టి మొదలుపెట్టాం. బండ వల్ల నేల తేమ గోడలోకి ఎక్కదు. చెదలు లోపలినుంచి రాలేవు, రాతి మీదుగా బయట దారి కట్టుకుని రావాల్సిందే, అది మన కంటపడుతుంది. ఇంటికి మూడడుగుల దూరంలో పైవాలు పక్క కాలువ తీసి నీటిని కుంటలోకి తిప్పాం.

గొడుగు: కప్పు నాలుగు పక్కలా వాలు. జామాయిల్ వాసాలు, పాత ఇల్లు విప్పినచోట కొన్న పెంకులు సుమారు 600. చూరు గోడ దాటి రెండున్నర అడుగులు బయటికి. ఇది తగ్గించొద్దు. రేకు ఖర్చు తక్కువే గానీ మా ఎండలకి కింద ఉండలేం. కప్పు పడేదాకా ప్రతి సాయంత్రం గోడల మీద పట్టా కప్పి రాళ్ళు పెట్టాం.

ఇంకొన్ని జాగ్రత్తలు. తలుపు, కిటికీలు మూలకి రెండడుగుల లోపు రాకూడదు, గోడ బలం పోతుంది. వాటి మీద పెట్టే చెక్క రెండు పక్కలా గోడలోకి అడుగు దాకా వెళ్ళాలి. కరెంటు పైపులు, మేకులు కొట్టడానికి చెక్క ముక్కలు గోడ లేచేటప్పుడే పెట్టేయండి. పడమర కిటికీ వద్దు. మందం గోడలోంచి పగటి వేడి నిదానంగా, రాత్రికి లోపలికి చేరుతుంది. కాబట్టి రాత్రి గాలి ఆడేలా ఎదురెదురుగా కిటికీలు, కప్పు కింద చిన్న గవాక్షాలు పెట్టుకోవాలి.

పూతలో చేసే పెద్ద తప్పు

చాలామంది "గట్టిగా ఉంటుంది" అని మట్టి గోడకి సిమెంటు పూస్తారు. దయచేసి చేయొద్దు. మట్టి గోడ తేమ పీల్చుకుంటుంది, వదులుతుంది. సిమెంటు పొర దాన్ని లోపలే బంధిస్తుంది. పైకి బాగా కనిపిస్తూనే లోపల గోడ మెత్తబడి, ఒక రోజు పూత పలకలు పలకలుగా ఊడిపోతుంది.

మేము మొదట మట్టి, ఇసుక, సన్నగా తరిగిన గడ్డితో ఒక పూత వేశాం. అది ఆరాక జల్లించిన ఎర్రమట్టి, సన్న ఇసుక, ఆవు పేడతో రెండో పూత. బయట సున్నం కొట్టాం. "జీవామృతం కలిపితే ఇంకా గట్టిపడుతుందా?" అని ఒక అన్న అడిగాడు. వద్దన్నా. అందులో బెల్లం, పప్పుల పిండి ఉంటాయి. అవి నేలలో సూక్ష్మజీవులకి ఆహారం, గోడలో చీమలకి ఆహారం అవుతాయి.

ప్రతి ఏడాదీ వానలు పోయాక ఒకసారి గోడ చుట్టూ తిరిగి, పగుళ్ళు పూడ్చి, పేడమట్టితో అలకాలి. ఏడాదికి ఒకటి రెండు రోజుల పని. అది చేయలేం అనుకునేవాళ్ళు మట్టి ఇల్లు కట్టకపోవడమే మంచిది.

ఖర్చు లెక్క

రాతి పునాది, బేస్‌మెంట్, మేస్త్రీ కూలి: 41,000
వాసాలు, పెంకులు, వడ్రంగి కూలి: 38,000
పాత తలుపు, కిటికీలు: 11,000
గోడలు, పూతల కూలి: 36,000
ఇసుక, వరిగడ్డి, సున్నం: 9,000
నేల బండలు, వైరింగు: 17,000
మొత్తం: 1,52,000 రూపాయలు

ఇందులో 7,000 పడిన గోడకి పోయింది. దాన్ని మా ట్యూషన్ ఫీజు అనుకున్నాం. ఇంటి మనుషుల కష్టం ఈ లెక్కలో లేదు. వాడూ నేనూ, సెలవుల్లో పిల్లలూ కలిసి రెండు నెలలకు పైనే పనిచేశాం. అన్నీ కూలీలతోనే చేయిస్తే ఖర్చు బాగా పెరుగుతుంది. "మట్టి ఇల్లు ఊరికే వస్తుంది" అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. డబ్బు తగ్గుతుంది, ఒళ్ళు వంచడం పెరుగుతుంది. మొదలుపెట్టే ముందు అనుమతి సంగతి కూడా అడిగి తెలుసుకోండి. సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టి మే లోపల కప్పు వేసేలా ప్లాన్ చేసుకోండి. మేము ఆలస్యంగా మొదలుపెట్టి దెబ్బతిన్నాం.

రెండు లక్షల్లో మిగిలింది 48,000. దాంతో మావాడు ఒక నాటు ఆవుని, దూడని తెచ్చాడు. వీడియో చివర్లో చూరు కింద కట్టేసి ఉన్నవి అవే.

పోయిన అక్టోబరులో మూడు రోజులు ముసురు పట్టింది. రెండో రోజు రాత్రి చిన్నాన్న ఎవరికీ చెప్పకుండా టార్చిలైటు తీసుకుని పొలానికి పోయాడు. పడమటి గోడని చేత్తో తడిమి చూశాడట. పొడిగా ఉంది. ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు.

పొద్దున్నే ఫోన్ చేసి నాతో అన్నది ఒకటే మాట. "పక్కన ఇంకో గది వేసుకుంటే ఎంతవుతాదిరా?"