గుడ్డి దీపానికి చూపొచ్చింది!

కొత్త బల్బులు వేయించారు. అద్దాలు తుడిపించారు. బ్యాటరీ కూడా మార్చారు. అయినా ఊరు దాటి చీకట్లోకి వెళ్లగానే ఆ పాత కారు దీపాలు గుడ్డిగానే! వెనక లైటు లేకుండా రోడ్డు పక్కన ఆపిన ట్రాక్టరు దగ్గరికి వెళ్తేగానీ కనిపించదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటేస్తుంది. ఆ సెకను ముందు చూశామా, తర్వాత చూశామా... ప్రాణాలు దక్కడం దాని మీదే ఉంటుంది. మరి లోపం ఎక్కడ? చాలాసార్లు బల్బులో కాదు, దానికి కరెంటు తెచ్చే తీగలో!

చుట్టుదారి ప్రయాణం

అంబాసిడర్ లాంటి పాత కార్లలో హెడ్‌లైట్ల కరెంటు బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డు దాకా వెళ్లి, స్విచ్చులోంచీ డిప్పర్‌లోంచీ మళ్లీ ముందుకు రావాలి. రెండు 55 వాట్ల బల్బులు వెలిగితే 9 ఆంపియర్లకు పైనే పారుతుంది. సన్నటి తీగ, చిలుము పట్టిన కనెక్టర్లు, అరిగిన స్విచ్చు... తలా కాస్త వోల్టేజీని మింగేస్తాయి. చివరి పొలానికి చేరేసరికి కాలవ నీరు సన్నగిల్లినట్టన్నమాట. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు ఏకంగా 30 శాతం దాకా పడిపోతుంది. పైగా ఆ వేడికి స్విచ్చు కూడా మాడిపోవచ్చు.

ముందు కొలవండి

ఇంజిన్ నడుస్తుండగా లైట్లు వేయండి. మల్టీమీటరు ఒక కొసను బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొసను వెలుగుతున్న బల్బుకు కరెంటు వచ్చే పిన్నుకు ఆనించండి. అర వోల్టు లోపు చూపిస్తే బెంగలేదు. ఒక వోల్టు దాటిందంటే తీగ దారిలో ఇబ్బంది ఉన్నట్టే. అలాగే బల్బు ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య కూడా చూడాలి. ఒక్కోసారి తుప్పుపట్టిన ఎర్త్ స్క్రూను గీకి బిగిస్తే చాలు, రిలేతో పనే ఉండదు!

రిలే ఏం చేస్తుందంటే...

ఒకప్పుడు టెలిగ్రాఫ్ తీగల్లో బలహీనపడ్డ సంకేతాన్ని ముందుకు పంపిన సాధనమే రిలే. లోపల చిన్న విద్యుదయస్కాంతం, ఓ స్విచ్చు ఉంటాయి. హుకుం ఇచ్చేది ఒకరు, బరువు మోసేది ఇంకొకరు! దాని కాళ్ల మీద అంకెలుంటాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావు తీగ, 87 నుంచి బల్బులకు మరో లావు తీగ. 86కు పాత హెడ్‌లైటు తీగ, 85కు ఎర్త్. అంతే! పాత స్విచ్చు ఇక మోయాల్సింది ఆంపియరులో ఐదో వంతు మాత్రమే.

హైబీమ్‌కు ఒకటి, లోబీమ్‌కు ఒకటి... రెండు రిలేలు కావాలి. తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లది వాడాలి. ఒక్కో రిలేకు విడిగా 15 ఆంపియర్ల ఫ్యూజును బ్యాటరీకి దగ్గర్లోనే పెట్టాలి. ఫ్యూజు లేని తీగ ఎక్కడైనా ఒరుసుకుంటే మంటలే! కొన్ని కార్లలో స్విచ్చు ఎర్త్ వైపు ఉంటుంది. అప్పుడు కలిపే పద్ధతి వేరు. అందుకే పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

అత్యాశ వద్దు

రిలే పెట్టాం కదా అని 100 వాట్ల బల్బులు బిగించొద్దు. ఆ వేడికి హోల్డర్లు కరుగుతాయి, ఎదుటి డ్రైవరు కళ్లు బైర్లు కమ్ముతాయి. పని పూర్తయ్యాక దీపాల ఎత్తు సరిచేయించడం మరవద్దు. లైట్లను కంప్యూటరు నడిపే కొత్త కార్లలో మాత్రం తీగలు కోయనే కూడదు.

పాత కారులో రాత్రి ప్రయాణం పెట్టుకున్నారా? బల్బుల కొట్టుకు వెళ్లే ముందు ఓసారి మల్టీమీటరు పట్టి చూడండి!