ప్రేయరు అయ్యాక ఏం చెబుతున్నాం?

విజయనగరం రాజావారు పి.వి.జి.రాజు సోషలిస్టు. పుట్టింది జమీందారీ కోటలో, నడిచింది లోహియా బాటలో. 1962లో ఈ దేశపు బడిపిల్లలకు సంబంధించిన రెండు సంగతుల్లో ఆయన చెయ్యి ఉంది. ఆ ఏడాది జనవరిలో కోరుకొండలోని తమ ప్యాలెస్‌లో సైనిక్ స్కూలు తలుపులు తెరుచుకున్నాయి. అప్పటినుంచి ఇప్పటిదాకా అక్కణ్ణుంచి ఎందరో సైన్యంలో అధికారులయ్యారు.

రెండో సంగతి చాలామందికి తెలీదు. అప్పట్లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా పైడిమర్రి వెంకట సుబ్బారావు అని ఒకాయన ఉండేవారు. సొంతూరు నల్లగొండ జిల్లా అన్నెపర్తి. చైనాతో యుద్ధం ముంచుకొచ్చిన ఆ ఏడాదే, బిల్లులూ చలానాల నడుమ కూర్చుని, బడిపిల్లలు రోజూ చెప్పుకోవడానికి నాలుగు మాటలు రాశారు. రాజకీయ నాయకుడు తెన్నేటి విశ్వనాథం గారికి చూపిస్తే, ఆయన వాటిని అప్పటి విద్యామంత్రికి చేరవేశారు. ఆ విద్యామంత్రే పి.వి.జి.రాజు. 1963లో విశాఖ బడుల్లో మొదలైన ఆ ప్రతిజ్ఞ, మరుసటి ఏడాది బెంగళూరులో కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం దాటి, 1965 జనవరి 26 నుంచి దేశమంతటికీ పాకింది. అన్ని భాషల్లోకీ వెళ్ళింది. పుస్తకాల్లో రాసినాయన పేరు మాత్రం ఏళ్ళతరబడి లేదు. మనవరాలు పాఠ్యపుస్తకం చదువుతుంటే విని, తన మాటలు దేశమంతా చెబుతోందని పెద్దాయన తెలుసుకున్నారని ఇంట్లోవాళ్ళు చెబుతారు. ప్రతిజ్ఞ కింద ఆయన పేరు వెయ్యడం ఆయన 1988లో పోయిన చాన్నాళ్ళకు గానీ మొదలవలేదు.

కాబట్టి పిల్లలకు బడిలో దేశభక్తి నేర్పాలా వద్దా అన్న చర్చ మా ఉత్తరాంధ్రలో కొత్తగా పెట్టుకోవాల్సిన పని లేదు. అరవై ఏళ్ళ కిందట ఇక్కడే తీర్మానమైపోయింది. నేర్పుతూనే ఉన్నాం. ఎలా నేర్పుతున్నామన్నదే చూడాలి.

సిక్కోలు జిల్లాలో ఏ సర్కారు బడికైనా పొద్దున్నే వెళ్ళండి. ప్రేయరు బెల్లు కొడతారు. పొట్టిపిల్లలు ముందు, పొడుగుపిల్లలు వెనక. పీఈటీ మాస్టారి విజిల్. కుడిచెయ్యి ముందుకు చాచమంటారు. ప్రతిజ్ఞ సగమయ్యేసరికి వెనకవాడి చెయ్యి ముందువాడి భుజమ్మీద వాలిపోతుంది. లీడరు ఒక ముక్క అంటే మిగతావాళ్ళు దాన్ని రాగం తీసి అంటారు. ఆ రాగంలో మాటలు ఒకదాన్నొకటి తోసుకుని పోతాయి. తోటి జనం బాగుంటేనే తనకు సంతోషమని పిల్లవాడు ఒప్పుకునే ముక్క చిట్టచివర వస్తుంది. అప్పటికి వాడి దృష్టి జాతీయగీతం మీదికీ, ఆ తర్వాత క్లాసుకి పరిగెత్తడం మీదికీ వెళ్ళిపోయి ఉంటుంది. ట్రెజరీ అధికారి గారు అసలు బరువంతా పెట్టింది ఆ ముక్కలోనే.

ప్రేయరు దండగని నేననను. ఊరందరి పిల్లలూ ఒకే వరసలో నిలబడి ఒకే మాట అనడం, మన ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు చిన్న విషయంగా కనిపించదు. కానీ ఆ పది నిమిషాలతో దేశం పాఠం అయిపోయిందనుకుని, ఆ మీదట సాయంత్రం లాంగ్ బెల్లు దాకా మళ్ళీ ఆ ఊసెత్తం.

మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దేశభక్తికి పేరుపడ్డ వాళ్ళను లెక్కపెట్టి చూడండి. చాలామంది బడిపంతుళ్ళే. విజయనగరం మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పిన గురజాడ అప్పారావు 1910 ప్రాంతంలో 'దేశభక్తి' గేయం రాశారు. దేశమంటే ఎవరని అడిగితే జనం వైపు వేలు చూపించిందా గేయం. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ఆర్థికమంత్రి బడ్జెట్ ప్రసంగంలో ఆ మాటనే తలచుకున్నారు. అందరూ తలచుకునేది అదొక్కటే. అదే గేయంలో గురజాడ ఉత్త గొప్పలు కోసేవాళ్ళను మందలించాడు. నాకు దేశమంటే ప్రేమ అని చాటుకోవడం మాని, ఏదో ఒక మేలు చేసి చూపించమన్నాడు. తిండి బాగా తినమన్నాడు, ఒళ్ళు గట్టి చేసుకోమన్నాడు, సరుకులు మనమే తయారుచేసుకోవాలన్నాడు. ఎంత లౌకికమైన దేశభక్తి అది! ఆగస్టు 15న పాడించేటప్పుడు ఆ భాగాలు ఎందుకో వదిలేస్తారు.

ఒళ్ళు గట్టి చేసే పని వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు తీసుకున్నాడు. విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా మొదలై కలియుగ భీముడనిపించుకున్నాడు.

గరిమెళ్ళ సత్యనారాయణది నరసన్నపేట దగ్గర గోనెపాడు. ఆయనా కొన్నాళ్ళు విజయనగరంలో బడిపంతులే. తెల్లదొరతనం మాకొద్దంటూ ఆయన కట్టిన పాట 1921, 22 ప్రాంతాల్లో ఊరూరా మోగింది. సర్కారు ఏడాది కఠిన శిక్ష వేసింది. ఈ కథ పిల్లలకు చెబుతాం, చప్పట్లు కొట్టిస్తాం. తర్వాతి కథ చెప్పం. స్వతంత్రం వచ్చాక అయిదేళ్ళకు, 1952 డిసెంబరులో, గరిమెళ్ళ మద్రాసులో కటిక దరిద్రంలో కన్నుమూశాడు. ఆ సంగతి చెబితే దేశం పరువు పోతుందని భయం కాబోలు. ఎనిమిదో తరగతి పిల్లవాడు అది విని బాధపడితే, కోపం తెచ్చుకుంటే, వాడిలో దేశం పట్ల ఏదో మొలిచినట్టే కదా.

ఇక గిడుగు రామమూర్తి పంతులు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులయ్యాడు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినంగా జరుపుకుంటాం. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరూ ఎరిగినదే. అంతకుముందు చేసిన పని నాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. కొండల మీంచి దిగివచ్చే సవరల మాట ఎవరికీ అర్థం కాకపోవడం చూసి, ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. వాచకాలు రాశాడు, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టాడు. సవర వ్యాకరణం పుస్తకం 1931లో అచ్చయ్యింది. జెండా పట్టినవాడు కాదు, జైలుకు వెళ్ళినవాడు కాదు. పైగా సర్కారు రావుబహదూర్ బిరుదు ఇచ్చింది. దేశభక్తుల జాబితాలో ఆయన పేరు సాధారణంగా రాయరు. పొరుగువాడికి తోడుపడమన్న గురజాడ మాటను ఆయనకన్నా బాగా పాటించినవాళ్ళెవరో నాకైతే తట్టడం లేదు. సవరతో పాటు కొన్ని గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులకు పుస్తకాలు తెచ్చే పని ప్రభుత్వం 2004లో మొదలుపెట్టింది. అంటే గిడుగు మొదలెట్టిన వందేళ్ళకు.

పంతుళ్ళలో ఇంకో తరహా వాళ్ళూ ఉన్నారు. వెంపటాపు సత్యం మాస్టారు, ఆదిభట్ల కైలాసం మాస్టారు. ప్రతిజ్ఞ దేశమంతా మొదలైన రెండేళ్ళకే, 1967 అక్టోబరు 31న, లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు తుపాకీ గుళ్ళకు బలయ్యారు. షావుకార్ల అప్పుల కింద కొండవాళ్ళ భూములు పోతున్న రోజులవి. ఈ ఇద్దరు మాస్టర్లు నడిపిన పోరాటం సాయుధమై, 1970 జూలైలో వాళ్ళ చావుతో చల్లారింది. వాళ్ళ దారి సరైనదని నేననను. కానీ ఏజెన్సీ భూముల బదిలీని కట్టడి చేసే 1/70 చట్టం ఆ ఏడాదే ఎందుకొచ్చిందో సోషల్ మాస్టారు చెప్పకపోతే పిల్లలకు ఇంకెవరు చెబుతారు?

గర్వం సంగతికొద్దాం. దేశం పట్ల గర్వం నేర్పాలనేవాళ్ళు చరిత్ర పాఠాన్ని నమ్ముకుంటారు. మా చరిత్ర పాఠం బొబ్బిలి. 1757 జనవరి 24న విజయనగరం పెద విజయరామరాజు ఫ్రెంచి బుస్సీ ఫిరంగులను వెంటబెట్టుకుని బొబ్బిలి కోట మీద పడ్డాడు. కోటలో స్త్రీలూ పిల్లలూ శత్రువుల చేత చిక్కకుండా అయినవాళ్ళ చేతుల్లోనే చనిపోయారు. కొద్దిరోజులకే తాండ్ర పాపారాయుడు రాజు డేరాలో దూరి పగ తీర్చుకున్నాడు. బుర్రకథలు విన్నాం, ఎన్టీఆర్ సినిమా చూశాం. బొబ్బిలి పిల్లవాడి రొమ్ము ఉప్పొంగుతుంది. మరి యాభై, అరవై కిలోమీటర్ల దూరంలో విజయనగరం కోట పక్క బడిలో ఉన్న పిల్లవాడేం చెయ్యాలి?

అక్కడితో ఆగలేదు. విజయనగరం గద్దెక్కిన ఆనంద గజపతి మరుసటి ఏడాదే ఇంగ్లీషువాళ్ళను పిలుచుకొచ్చాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు, ఉత్తర సర్కార్లలో కుంపిణీకి కాలూనుకునే చోటు దొరికింది. ఆ తర్వాత 1794 జూలై 10న అదే వంశంలో చిన విజయరామరాజు పద్మనాభం దగ్గర అదే కుంపిణీతో పోరాడి నేలకొరిగాడు. ముప్పై ఏడేళ్ళు, ఒకే సీమ. ఇందులో ఎవరు దేశభక్తుడు, ఎవరు ద్రోహి? అసలు వాళ్ళకు 'దేశం' అంటే ఏది? ఈ మూడు యుద్ధాలూ, ఫ్రెంచి తోడుతో జరిగినదీ ఇంగ్లీషు తోడుతో జరిగినదీ దాచకుండా, ఒకే పీరియడ్‌లో చెప్పే మాస్టారు దొరికితే, పరాయివాడు ఈ దేశంలోకి ఎలా వచ్చాడో పిల్లలకు పుస్తకం తెరవకుండానే తెలుస్తుంది. పాపారాయుడి కథ ఒక్కటే చెబితే మీసం మెలెయ్యడం మాత్రం వస్తుంది.

ఇంత కిరికిరి ఎందుకు, గట్టిగా పాడిస్తే సరిపోతుంది కదా అనేవాళ్ళూ ఉన్నారు. పాడనివాణ్ణి బయటికి పంపెయ్యమంటారు. కేరళలో 1985లో అదే జరిగింది. తమ మత విశ్వాసం ఒప్పదని జాతీయగీతం పాడకుండా మర్యాదగా నిలబడ్డ ముగ్గురు తోబుట్టువులను బడినుంచి తీసేశారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. గౌరవంగా నిలబడితే చాలు, పాడి తీరాలని ఏ చట్టమూ లేదంది. అమెరికా సుప్రీంకోర్టు 1940లో జెండా వందనం చెయ్యని పిల్లల్ని బడినుంచి పంపెయ్యొచ్చని తీర్పిచ్చి, మూడేళ్ళకు, రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగానే, తన తీర్పు తానే తిరగరాసుకుంది.

పల్లెల్లో పిల్లలకు దేశం మరీ అంత కొత్త సంగతేమీ కాదు. తెల్లారకుండా శ్రీకాకుళం చుట్టుపక్కల రోడ్ల మీద గుంటలు పరిగెడుతుంటారు. ఆర్మీ ర్యాలీలో 1,600 మీటర్లు గడువులోగా పరిగెత్తాలి. ర్యాలీ జరిగిన కోడి రామమూర్తి స్టేడియం బయట రాత్రంతా నిద్రకాసిన కుర్రాళ్ళెందరో. కొందరికది దేశం, కొందరికి జీతం, చాలామందికి రెండూ. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. తీరం వెంట కె.మత్స్యలేశం లాంటి ఊళ్ళలో తండ్రులు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ వెళ్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళు సముద్రంలో పాకిస్తాన్‌కు చిక్కి, కరాచీ జైల్లో పడ్డారు. 2020 జనవరిలో ఇరవైమంది వాఘా దాటి ఇల్లు చేరారు. ఆ ఏడాది పైచిలుకు కాలం వాళ్ళ పిల్లలు బడికి వెళ్ళి ప్రేయర్లో నిలబడ్డారు. సరిహద్దంటే ఏమిటో వాళ్ళకు మ్యాపులో చూపించే పని లేదు. సొంత తీరం పొడుగునా సముద్రం ఉండగా నాన్న అంతదూరం ఎందుకు పోవాల్సి వచ్చిందని వాళ్ళు అడిగితే మాత్రం, జెట్టీల నుంచి చేపల ధర దాకా చెప్పాల్సింది చాలా ఉంది.

అందుకే నా మనవి చిన్నది. ప్రేయరు ఉండనివ్వండి. వారానికొక్క పీరియడ్ సోషల్ మాస్టార్లకు వదలండి. ప్రతిజ్ఞలో ఒక్కో ముక్క తీసుకుని ఊరితో ముడిపెట్టి చెప్పమనండి. వైవిధ్యమన్న మాట వచ్చినచోట సవర వాచకం పట్టుకుని రమ్మనండి. పెద్దల్ని గౌరవించాలన్న చోట గరిమెళ్ళ చివరి రోజులు చెప్పమనండి. పిల్లల్ని పద్మనాభం కొండ ఎక్కించమనండి. పరీక్షలో రాని పాఠానికి పీరియడ్ ఎందుకని హెచ్‌ఎం గారు అడుగుతారు, పదో తరగతి పిల్లల తల్లిదండ్రులూ అడుగుతారు. రాకపోతేనే మంచిది. దీనికి కూడా మార్కులు పెడితే, తెల్లారేసరికి గైడు వచ్చేస్తుంది.