కొత్త ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఎందుకు మొరాయిస్తుంది? విండోస్ తీసేముందు ఏం చూసుకోవాలి?

పదేళ్ల నాటి పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేస్తే అరగంటలో పని అయిపోతుంది. వైఫై దొరుకుతుంది, సౌండ్ వస్తుంది, మూత వేస్తే నిద్రపోతుంది. అదే లైనక్స్‌ను అరవై వేలు పోసి కొని, నిన్ననే అట్టపెట్టెలోంచి తీసిన ల్యాప్‌టాప్‌లో వేస్తే వైఫై గుర్తే కనిపించకపోవచ్చు. ఒక్కోసారి ఇన్‌స్టాలర్‌కు డిస్క్ కూడా కనిపించదు. పోనీ విండోస్‌లోకి తిరిగి వెళ్దామంటే, నీలిరంగు తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది.

మెషీన్ పాడైందేమోనని కంగారుపడేది ఇక్కడే. నిజానికి చాలా సందర్భాల్లో ఏదీ పాడవదు. కానీ ఆ కంగారులో నొక్కే ఒక తప్పు బటన్‌తో డేటా మొత్తం పోయే ప్రమాదం మాత్రం ఉంటుంది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సాధారణ మద్దతు ఆపేసింది. ఆ తర్వాత లైనక్స్ వైపు చూసేవారు పెరిగారు. ప్రోగ్రామింగ్ కోర్సుల కోసం లైనక్స్ వేసుకునే ఇంజినీరింగ్ విద్యార్థులు, నాలుగు డబ్బులు కలిసొస్తాయని విండోస్ లేని 'డాస్' ల్యాప్‌టాప్ కొనేవారు ఎలాగూ ఉన్నారు. వీరందరికీ మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: కొత్తదే ఎందుకు ఇబ్బంది పెడుతుంది?

చిప్ ముందు, డ్రైవర్ తర్వాత

ల్యాప్‌టాప్‌లోని వైఫై చిప్, కెమెరా, టచ్‌ప్యాడ్ వంటి ప్రతి భాగానికీ ఆపరేటింగ్ సిస్టమ్‌తో మాట్లాడే డ్రైవర్ కావాలి. విండోస్ విషయంలో ఆ పని తయారీ కంపెనీ చూసుకుంటుంది. అవసరమైన డ్రైవర్లన్నీ ఎక్కించాకే పెట్టె సీల్ చేస్తుంది.

లైనక్స్ పద్ధతి వేరు. ఇక్కడ డ్రైవర్లలో చాలా భాగం కెర్నెల్‌లోనే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోనే ఉంటాయి. దాదాపు ప్రతి 9, 10 వారాలకు ఒక కొత్త కెర్నెల్ వస్తుంది. కొత్త చిప్‌లకు మద్దతు అందులో చేరుతుంది.

అయితే ఉబుంటు, డెబియన్, మింట్ వంటి పంపిణీలు స్థిరత్వం కోసం ఏదో ఒక కెర్నెల్ దగ్గర ఆగుతాయి. ఉదాహరణకు 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఉన్నది 6.1 కెర్నెల్. ఆ తర్వాతి ఏడాది మార్కెట్‌లోకి వచ్చిన చిప్ గురించి దానికి తెలిసే అవకాశం తక్కువ. పాత ల్యాప్‌టాప్ సాఫీగా నడవడానికి కారణం కూడా ఇదే. దాని భాగాలన్నిటికీ డ్రైవర్లు ఏనాడో కెర్నెల్‌లో చేరిపోయాయి.

అందుకే కొత్త మెషీన్‌కు పంపిణీ పేరుకన్నా అది వచ్చిన తేదీ ముఖ్యం. 'ఉబుంటు 24.04' అన్న పేరులోనే తేడాలున్నాయి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన మొదటి ఫైల్‌లో 6.8 కెర్నెల్ ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన 24.04.3లో 6.14 ఉంది. స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లో ఏడాదిగా పడి ఉన్న ఫైల్‌తో పని జరగకపోతే, అదే వెర్షన్ తాజా ఫైల్‌తో జరగవచ్చు. ఆరు నెలలకొకసారి కొత్త విడుదల తెచ్చే ఫెడోరా, మధ్యలోనూ కెర్నెల్‌ను మారుస్తూ ఉంటుంది కాబట్టి కొత్త హార్డ్‌వేర్‌కు ఎక్కువగా సరిపోతుంది.

డ్రైవర్ ఒక్కటే ఉన్నా సరిపోదు. వైఫై, గ్రాఫిక్స్ చిప్‌లు పని మొదలుపెట్టాలంటే వాటిలోకి ఫర్మ్‌వేర్ అనే చిన్న ఫైల్ ఎక్కాలి. వీటిలో చాలావాటికి సోర్స్ కోడ్ అందుబాటులో ఉండదు. అందుకే డెబియన్ చాలాకాలం వాటిని తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. 2022లో సభ్యుల ఓటింగ్ తర్వాత, డెబియన్ 12 నుంచి ఆ విధానం మారింది.

విండోస్‌లో ఉండగానే చేయాల్సిన పనులు

ఇన్‌స్టాలేషన్ సగంలో వచ్చే చిక్కుల్లో చాలావాటిని ముందే తప్పించవచ్చు.

మొదటిది రికవరీ కీ. విండోస్ 11 ఉన్న చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే మొదలవుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఆ తర్వాత బయోస్‌లో సెక్యూర్ బూట్ వంటి సెట్టింగ్ మారితే, ఎవరో డిస్క్‌ను తెరవడానికి ప్రయత్నిస్తున్నారని విండోస్ అనుమానించి 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే లోపలి ఫైళ్లు దక్కవు. కాబట్టి బయోస్ జోలికి వెళ్లకముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఆ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

రెండోది 'ఫాస్ట్ స్టార్టప్'ను ఆపడం. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లైనక్స్ నుంచి విండోస్ పార్టిషన్‌లో ఏమైనా రాస్తే ఫైళ్లు దెబ్బతినవచ్చు.

మూడోది బయోస్ అప్‌డేట్. కొత్త మోడళ్లలో మొదటి నెలల్లో వచ్చే అప్‌డేట్లు స్లీప్, బ్యాటరీ వంటి సమస్యలను సరిచేస్తుంటాయి. లైనక్స్‌లోనూ అప్‌డేట్ చేసే మార్గం ఉన్నా, అన్ని కంపెనీలూ అన్ని మోడళ్లకూ దానికి ఫైళ్లు ఇవ్వవు. విండోస్ ఉండగానే పూర్తిచేయడం సులువు.

నాలుగోది రికవరీ పెన్‌డ్రైవ్, ఫైళ్ల బ్యాకప్. విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో దాని లైసెన్స్ కీ సాధారణంగా మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. డిస్క్ మొత్తం చెరిపేసినా, తర్వాత అదే ఎడిషన్ విండోస్ వేసుకుంటే యాక్టివేట్ అవుతుంది. అంటే, లైనక్స్ వేస్తే విండోస్ కొన్న డబ్బు పోయినట్టు కాదు.

సెక్యూర్ బూట్‌ను ఆపేయాలా?

చాలా వీడియోల్లో మొదటి సలహా ఇదే ఉంటుంది. ప్రముఖ పంపిణీలకు ఆ అవసరం లేదు.

2012లో విండోస్ 8తో పాటు విస్తృతంగా వచ్చిన ఈ ఏర్పాటు, సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిస్తుంది. ఉబుంటు, ఫెడోరా, డెబియన్‌ల దగ్గర మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన 'షిమ్' అనే చిన్న ప్రోగ్రాం ఉంది. అది లైనక్స్‌ను లోపలికి తీసుకొస్తుంది. కొన్ని కొత్త మోడళ్లలో మాత్రం విండోస్ కాని సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే ఈ అనుమతి ముందుగా ఆఫ్‌లో ఉంటుంది. బయోస్‌లో 'థర్డ్ పార్టీ సర్టిఫికెట్' పేరుతో ఉన్న ఆ ఒక్క సెట్టింగ్‌ను ఆన్ చేస్తే చాలు.

ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉన్నవారికి మరో మెట్టు ఉంటుంది. ఉబుంటు వంటివాటిలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలి తెర వస్తుంది. పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కి, ఆ పాస్‌వర్డ్‌తో కొత్త కీని నమోదు చేయాలి. అదేమిటో తెలియక వదిలేస్తే డ్రైవర్ లోడ్ కాదు. గ్రాఫిక్స్ కార్డు పనిచేయడం లేదన్న ఫిర్యాదులు కొన్ని ఇక్కడే పుడతాయి.

డిస్క్ కనిపించకపోతే

ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో బయోస్ డిస్క్‌ను 'ఆర్‌ఎస్‌టీ' లేదా 'వీఎండీ' అనే పద్ధతిలో ఉంచుతుంది. కొన్ని ఇన్‌స్టాలర్లకు అప్పుడు డిస్క్ కనిపించదు. తాజా కెర్నెల్ ఉన్న ఫైల్‌తో మళ్లీ ప్రయత్నించడం మొదటి మార్గం. బయోస్‌లో దాన్ని 'ఏహెచ్‌సీఐ'కి మార్చడం రెండోది. కానీ నేరుగా మార్చేస్తే విండోస్ బూట్ కాకపోవచ్చు. ముందుగా విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా సెట్ చేసి, బయోస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో తెరిచి, తర్వాత మామూలు స్థితికి తేవాలి.

ఇన్‌స్టాల్ చేయకుండానే పరీక్ష

చాలా పంపిణీలను పెన్‌డ్రైవ్ నుంచే 'లైవ్'గా నడపవచ్చు. డిస్క్‌ను ముట్టుకోనక్కర్లేదు. కొత్త ల్యాప్‌టాప్ కొన్నవారు కనీసం గంటసేపు ఇలా వాడి చూడాలి. వైఫై, బ్లూటూత్, స్పీకర్లు, మైక్, కెమెరా, వెలుతురు తగ్గించే కీలు, బయటి మానిటర్ అన్నీ పరీక్షించాలి.

వైఫై రాకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేస్తే నెట్ వస్తుంది. దాంతో అప్‌డేట్లు వేసుకుంటే వైఫై కూడా పనిచేయడం మొదలుపెట్టవచ్చు.

మూడు విషయాల్లో ఆశలు తగ్గించుకోవడం మంచిది. ఒకటి కెమెరా. ఇటీవలి కొన్ని పల్చటి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో కెమెరా పాతవాటిలా యూఎస్‌బీ ద్వారా కాకుండా నేరుగా ప్రాసెసర్‌కు కలుస్తుంది. వీటికి లైనక్స్ మద్దతు ఆలస్యంగా వచ్చింది, ఇంకా అన్ని మోడళ్లకూ అందలేదు. రెండోది వేలిముద్ర సెన్సర్. మూడోది స్లీప్. పాత ల్యాప్‌టాప్‌లు మూత వేస్తే ర్యామ్ మినహా దాదాపు అన్నిటికీ కరెంట్ ఆపేవి. కొత్తవాటిలో చాలావరకు ఫోన్‌లా పూర్తిగా ఆగకుండా పైపైన నిద్రపోతాయి. ఏ ఒక్క భాగం సరిగా నిద్రపోకపోయినా, బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ వేడెక్కి బ్యాటరీ ఖాళీ అవుతుంది.

ఎవరు తొందరపడకూడదు?

తెలుగు టైపింగ్‌కు లైనక్స్‌లో లోటు లేదు. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ వంటి పద్ధతులతో యూనికోడ్‌లో హాయిగా రాసుకోవచ్చు. కానీ అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పనిచేసే డీటీపీ వారికి విండోస్ తప్పదు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడే అకౌంటెంట్లు, విండోస్‌లోనే నడిచే ఆన్‌లైన్ పరీక్షలు రాసేవారు కూడా ముందే చూసుకోవాలి. వీరికి రెండు సిస్టమ్‌లనూ పక్కపక్కన ఉంచుకునే డ్యూయల్ బూట్ మంచిది.

మన దేశంలో లైనక్స్ కొత్తేమీ కాదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా దాన్నే వాడుతున్నాయి. సీ-డాక్ 'బాస్' లైనక్స్‌ను తయారుచేసింది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. అయితే ఒక సంస్థ వందల మెషీన్ల కోసం ముందే ఒకదాన్ని పరీక్షించి చూసుకోగలదు. ఒక్క ల్యాప్‌టాప్ కొనే విద్యార్థికి ఆ పరీక్ష చేసిపెట్టేవారుండరు.

అందుకే అసలు జాగ్రత్త కొనేముందే మొదలవ్వాలి. కంపెనీ పేరు చూస్తే చాలదు. పూర్తి మోడల్ నంబర్‌తో వెతకాలి, ఉబుంటు సర్టిఫైడ్ జాబితాలో ఉందో చూడాలి. ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లలోనూ వైఫై చిప్‌లు వేరువేరుగా ఉండవచ్చు. వీలైతే ఈ ఏడాది కాకుండా నిరుడు వచ్చిన మోడల్ ఎంచుకుంటే ధర తగ్గుతుంది, డ్రైవర్లూ సిద్ధంగా ఉంటాయి.

ఇప్పటికే కొనేసినవారు విండోస్‌ను చెరపకుండా డ్యూయల్ బూట్‌తో మొదలుపెట్టవచ్చు. ఈ రోజు పనిచేయని కెమెరాకు మద్దతు రెండు, మూడు కెర్నెల్‌ల తర్వాత రావచ్చు. కానీ చెరిపేసిన డిస్క్‌లోని ఫొటోలు ఏ అప్‌డేట్‌తోనూ తిరిగిరావు.